ఒళ్లు అలవని బండి తాళం

బండికి తాళం కొనేటప్పుడు చాలామంది దొంగను దృష్టిలో పెట్టుకుని కొంటారు. అక్కడే దెబ్బతింటారు. దొంగ వస్తే ఎప్పుడో ఒకసారి వస్తాడు. మీరు మాత్రం రోజూ వంగి ఆ తాళం వేయాలి, వంగి తీయాలి. మరి ఎవరి సుఖం చూసి కొనాలి? నడుము నొప్పి రాకూడదు, డబ్బు ఎక్కువ కాకూడదు, రేపు బండి పోతే నలుగురిలో మాట పడకూడదు. మంచి తాళానికి ఈ మూడే లక్షణాలు. మీ మేలు కోరి చెబుతున్నాను, కింది సలహాలు వరసగా పాటించండి.

1. కంపెనీ ఇచ్చిన హ్యాండిల్ లాక్ చాలు. బండితో పాటే వచ్చింది, పైసా ఖర్చు లేదు. హ్యాండిల్‌ను ఎడమకు తిప్పి, తాళంచెవి నొక్కి తిప్పితే పనైపోతుంది. లోపలుండేది చిన్న ఇనుప పిన్ను, గట్టిగా తంతే విరిగిపోతుందని తెలిసినవాళ్లు బెదిరిస్తారు. మీరేమీ తన్నరు కదా! పట్టించుకోకండి.

ఈ మాత్రం పని కూడా ప్రతిచోటా అక్కర్లేదు. ఏటీఎం, పాల బూత్, టిఫిన్ సెంటర్ లాంటి రెండు నిమిషాల పనులకు తాళంచెవి బండికే ఉంచండి. ఇంజిన్ ఆపకపోతే ఇంకా మంచిది, తిరిగొచ్చాక సెల్ఫ్ కొట్టే శ్రమ తగ్గుతుంది. టోకెన్ తీసుకుని, దోసె వచ్చేదాకా బండికి వీపు పెట్టి నిలబడండి. అటే చూస్తూ ఉంటే దోసె రుచి తెలియదు.

2. ఇంట్లో పోరు పడలేక రెండో తాళం కొనాల్సి వస్తే, చేత్తో ఎత్తి చూసి కొనండి. తేలికగా ఉన్నదే మంచిది. దుకాణంవాడు 12 మిల్లీమీటర్ల మందం, గట్టిపరిచిన ఉక్కు అంటూ ఒక చైన్ బల్ల మీద పడేస్తాడు. మామూలు చేతి కట్టర్‌కు అది లొంగదట. దాని బరువు మూడు నాలుగు కిలోలు ఉంటుంది. రోజూ అంత ఇనుము మోయడానికి మీరేం కూలికి కుదిరారా? పక్కనే రంగురంగుల ప్లాస్టిక్ తొడుగేసిన కేబుల్ లాక్‌లు వేలాడుతుంటాయి. తొడుగు ఎంత లావుగా ఉంటే అంత మంచిది, లోపలి తీగ ఎంత సన్నమో చూసేవాళ్లకు తెలియదు. ఎరుపు తీసుకోండి. దూరం నుంచి చూసినవాళ్లు కూడా తాళం వేసి ఉందని సాక్ష్యం చెప్పగలరు. తాళం కొనేదే ఆ సాక్ష్యం కోసం.

ఇంకా చవగ్గా కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత తాళాలు గాలించండి. ఒక్క తాళంచెవితోనే వస్తాయి. రెండోది ఎక్కడుందో మనకెందుకు?

3. అన్నిటిలోకీ నా ఓటు నంబర్ లాక్‌కే. తాళంచెవి మోసే పనే ఉండదు. మూడు చక్రాల లాక్‌కు మొత్తం వెయ్యి నంబర్లు కుదురుతాయి. వాటిలో ఒకదాన్ని గుర్తుపెట్టుకోవడం పెద్ద తలనొప్పి కాబట్టి, బండి నంబరులోవే మూడు అంకెలు పెట్టేయండి. మరచిపోయినా ముందూ వెనకా ప్లేటు మీద రాసే ఉంటుంది.

ఇందులో ఇంకో కిటుకుంది. లాక్ వేశాక మూడు చక్రాలనూ గజిబిజిగా తిప్పేస్తుంటారు, తీసేటప్పుడు మళ్లీ ఒక్కొక్కటీ వెతుక్కుంటారు. ఎందుకా కష్టం? చివరి చక్రాన్ని మాత్రం బొటనవేలితో ఒక్క అంకె ముందుకు జరపండి. టిక్కుమంటుంది. పొద్దున మళ్లీ ఒక్క అంకె వెనక్కి జరపండి. చీకట్లో కూడా చేయొచ్చు. మీరే కాదు, ఎవరైనా చేయొచ్చు.

4. డిస్క్ లాక్ కొంటే అలారం ఉన్నదే కొనండి. స్నేహితులకు చూపించడానికి బాగుంటుంది. ముందు చక్రం డిస్కుకున్న కన్నంలోంచి పిన్ను దూర్చి బిగిస్తే చక్రం తిరగదు. ఎవరైనా కదిలిస్తే 110 డెసిబెల్స్ మోత. పిల్లి ఎక్కినా అదే మోత, అపార్ట్‌మెంటంతా లేస్తుంది. కాబట్టి మొదటి రోజే బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో సరిపోతాయేమో చూడండి. సరిపోకపోతే పారేయండి.

దాంతో పాటు మెలికలు తిరిగిన పసుపుపచ్చ తాడు ఒకటి ఇస్తారు. డిస్కు నుంచి హ్యాండిల్ దాకా కడితే, లాక్ తీయాలన్న సంగతి గుర్తుచేస్తుందట. అందంగా ఉండదు, తీసేయండి. అయితే లాక్ సంగతి మరచి బండి కదిలించారా, చక్రం ఒక చుట్టు పూర్తికాకుండానే లాక్ వెళ్లి కాలిపర్‌కు కొట్టుకుంటుంది, బండితో పాటు మీరూ పడతారు. అందువల్ల డిస్క్ లాక్‌ను డిస్కుకు వేయకపోవడమే క్షేమం. వెనక గ్రాబ్ రెయిల్‌కు తగిలించండి. అక్కడైతే వంగనక్కర్లేదు, పదిమందికీ కనబడుతుంది, ఎప్పటికీ తీయనక్కర్లేదు.

5. చైన్ ఉంటే ముందు చక్రానికి మాత్రమే వేయండి. స్తంభానికో గేటు కమ్మీకో కలిపి వేయమని కొందరంటారు. స్తంభం వెతుక్కుంటూ పోతే లిఫ్టు దగ్గరున్న చోటు పోతుంది. 100 సీసీ బండి 110 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, ఇద్దరు పట్టుకుంటే ట్రాలీ ఆటోలోకి ఎక్కుతుంది, నిజమే. కానీ అర్ధరాత్రి ఆటో మాట్లాడుకుని అంత కష్టపడేవాళ్లను ఏ తాళం ఆపుతుంది చెప్పండి! చైన్ వదులుగా, నేలకు ఆనేలా వదలండి. నేల మీద ఆనించి సుత్తితో కొట్టినా, కట్టర్ పిడిని నేలకు అదిమి బలమంతా వేసినా తొందరగా తెగుతుందంటారు. బిగించి పైకి కట్టాలంటే మళ్లీ వంగాలి, చేతులకు గ్రీజు అవుతుంది.

6. మెకానిక్ సీటు కింద రహస్య స్విచ్ పెడతానంటే వద్దనండి. అది ఆఫ్‌లో ఉన్న సంగతి మరచి మీరే అరగంట కిక్కు కొడతారు. పాత కార్బ్యురేటర్ బండ్లకైతే పెట్రోలు నాబ్ ఆపే అలవాటు కొందరికుంది, కొంతదూరం పోయాక బండి దానంతటదే ఆగిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో చాలావాటికి ఆ నాబే లేదు. ఉన్నా, దానికీ వంగాలి.

7. పార్కింగ్ స్టాండుకు డబ్బులివ్వకండి. అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లో వందల బండ్లు ఊరికే నిలబడి ఉంటాయి, వాటి చివర మీదీ పెట్టండి. లైటు కింద పెడితే సీటు మీద పురుగులు రాలతాయి. సీసీ కెమెరా ఉన్నచోట పెడితే రేపు ఫుటేజీ కోసం షాపువాణ్ని బతిమాలుకోవాలి.

8. రెండు తాళంచెవులూ ఒకే రింగుకు వేసుకోండి. మారుతాళం బీరువాలో దాస్తే అవసరానికి దొరకదు. తాళంచెవితో పాటు నంబరు వేసిన చిన్న రేకుముక్క ఇస్తారు కొన్ని కంపెనీలవాళ్లు, దాన్నీ అదే గుత్తికి తగిలించండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ఒరిజినళ్లు సీటు కింద పెట్టండి. డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుంది గానీ ఫోన్ తీయడం ఎవరివల్లవుతుంది!

9. ఇన్సూరెన్స్ జోలికి మళ్లీ పోకండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు కదా, కాగితం మీద ఐదేళ్లని కనబడుతోంది కదా, చాలు. ఆ థర్డ్ పార్టీ దొంగతనానికి వర్తించదు. వర్తించేది ఓన్ డ్యామేజీ. దాన్ని సాధారణంగా ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోవాలి. ఏజెంటు ఫోన్ చేసి చెబుతాడు, ఎత్తకండి.

10. ఇక బండి పోయాక. ఇంతవరకూ చెప్పినట్టు చేసినవాళ్లు ఈ దశకు తప్పక చేరతారు. ముందు ఇంట్లో చెప్పే మాట సిద్ధం చేసుకోండి. “తాళం వేశాను, అయినా ఎత్తుకుపోయారు. గ్రహచారం బాగాలేనప్పుడు ఎవరేం చేస్తారు!” ఎర్రటి కేబుల్‌ను వీధంతా చూసింది గనక ఎవరూ కాదనరు.

పోలీసు స్టేషన్‌కు పరుగెత్తకండి. 100కో 112కో ఫోన్ చేస్తే వివరాలడుగుతారు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కావాలంటారు. ఆ కాగితాలు సీటు కిందే పోయాయి. ఓన్ డ్యామేజీ బతికే ఉందనుకోండి, పోలీసు ఫిర్యాదు వెంటనే ఇచ్చి ఉంటే కంపెనీకి చెప్పడం ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఫిర్యాదూ ఆలస్యం చేస్తే ఇక ఏ ఆఫీసు చుట్టూ తిరిగే పనుండదు. క్లెయిమంటే రెండు తాళంచెవులూ ఇమ్మంటారు. మీ రెండూ ఒకే గుత్తిలో ఉన్నాయి, ఆ గుత్తి టిఫిన్ సెంటర్ ముందు బండికే ఉంది.

ఇప్పుడు లాభాలు చూడండి. పెట్రోలు లేదు, సర్వీసింగ్ లేదు, బస్టాండులో దించమని బామ్మర్ది పొద్దున్నే తలుపు కొట్టడు. లోన్ వాయిదా ఒక్కటే మిగులుతుంది, అదెలాగూ బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది.

జీపీఎస్ పెట్టించలేదని చింతపడకండి. బండి ఇంకా మీ పేరు మీదే ఉంది గనక చలాన్లు మీ పేరునే పడతాయి. హెల్మెట్ లేదని ఒకటి, ముగ్గురెక్కారని ఒకటి. తేదీ, టైము, కూడలి పేరు, ఫొటోతో సహా ఉంటాయి. నెలనెలా అద్దె కట్టకుండానే బండి ఎక్కడ తిరుగుతోందో తెలుస్తుంది. ఆ చలాన్లు తొందరపడి కట్టకండి. తెలంగాణలో పెండింగ్ చలాన్లకు టూవీలర్లకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. మళ్లీ ఇస్తారు, అప్పుడు అన్నీ కలిపి ఒకేసారి కట్టొచ్చు.