నాడెచెయ్యి తాత

పావగడ తాలూకాలో వై.ఎన్. హొసకోట పట్టుచీరల ఊరు. మగ్గం దిగిన ముసలాయన అక్కడ వీధికొకడు ఉంటాడు. దిగేది కాళ్లే. నోరు మాత్రం ఇంకా మగ్గం గుంటలోనే కూర్చుని నేస్తుంటుంది.

ఈయనకు కుడి ఎడమలు లేవు. తాడు లాగి నాడె విసిరేది నాడెచెయ్యి, అచ్చు కొట్టేది అచ్చుచెయ్యి. ఆస్పత్రిలో డాక్టరమ్మ కన్నడంలో నొప్పి ఎక్కడని అడిగితే, "బట్ట చుట్టే కర్ర ఆనుతాది చూడు, ఆడ" అంటాడు. చళ్లకెరె కోడలు పక్కనుంచి "బొడ్డుకు జానెడు పైన" అని కన్నడంలో సర్దుతుంది. కాపరానికొచ్చిన కొత్తలో "పోగు తెగిందమ్మో" అని మామ కేకేస్తే ఏ నరమో తెగిందని ఆ పిల్ల పరుగెత్తిపోయింది. తీరా చూస్తే కాఫీకి పాలు అయిపోయాయి.

పెళ్లిసంబంధం వస్తే ఆయన తీర్పు ఒకటే: "పడుగు బాగుండాది. పేక చూడాల." ఇంటోళ్లు మంచోళ్లే, పిల్లోని సంగతే తేలాలని. పెళ్లిళ్ల పేరయ్యకు ఇది అర్థమయ్యేలోపు ఉప్మా చల్లారిపోతుంది. తిక్కగా మాట్లాడేవాడికి "అట్ట తప్పింది". ఫ్రాన్సులో జకార్డు దొర 1804లో చిల్లుల అట్టల యంత్రం తెచ్చింది బుట్టాలు, అంచులు నేయడానికి; హొసకోటలో అది తిట్లకూ పనికొచ్చింది.

అత్తాకోడళ్లు అలిగితే "అతకండమ్మా" అంటాడు. పాత పడుగు కొసకు కొత్త పడుగును బూడిద అద్దిన వేళ్లతో పోగుపోగునా మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఒక పోగు తప్పితే చీర పొడవునా గీత. గంటలకొద్దీ తల ఎత్తకుండా ఆ పని చేసిన మహానుభావుడే సంగటి ఒక్క నిమిషం ఆలస్యమైతే తట్టుకోలేడు!

ఇంటిల్లిపాదికీ ఈ తెగులు అంటుకుంది. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే, నాడెలో పోగు అయిపోయినట్టు, మనవళ్లు "కండె అయిపాయ" అంటారు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, ఆపదలో మగ్గం.

కొడుకు మగ్గం మానేసి తిరుమణి సోలార్ పార్కులో పనికి చేరాడు. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ఒకనాడు తండ్రిని బండి మీద తీసుకుపోయి చూపించాడు. కనుచూపుమేరా వరసలే వరసలు. తాత నాడెచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పడుగు పరిచేది బాగానే పరిచినారు. నేసేది ఎప్పుడురా?"