గీతల గురిగారు

కర్ణాటకలో సింధనూరు చుట్టుపక్కల ఆంధ్రా క్యాంపుల్లో ఏ క్యాంపుకి వెళ్లినా ఒక రామాలయం, ఒక రైసుమిల్లు, ఒక గురిగారు ఉంటారు. మొదటి రెండూ బస్సు దిగగానే కనిపిస్తాయి. మూడోవారు కనిపించాలంటే టీకొట్టు బల్లమీద కూర్చుని ‘అడవిపంది’ అని ఒక్కమాట అనాలి. ఎక్కణ్నుంచి వస్తారో తెలీదు, వచ్చేస్తారు.

తుంగభద్ర ఎడమకాలువకి నీళ్లొచ్చాక కోస్తా నుంచి తరలివచ్చి, నల్లరేగడిని మాగాణి చేసినవారి వారసుడాయన. పొలంతోపాటు తండ్రి నుంచి సంక్రమించింది ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన ఒక .315 రైఫిలు. తండ్రిగారు దాన్ని పక్కలో పెట్టుకుని కళ్లంలో మంచమేసుకుని పడుకునేవారు. గురిగారు దాన్ని బీరువాలో పెట్టి తాళమేసి, దానిమీద బిగించబోయే స్కోపు గురించి ఆలోచిస్తూ పడుకుంటారు. ఇద్దరిలో నిద్ర తక్కువ పట్టేది ఈయనకే.

ఆయన ఆశయం ఒక్కటే: ఒకే రైఫిలు అన్నిటికీ పనికిరావాలి. రాత్రి చేలో పందికి, పగలు రేంజిలో కాగితానికి, సంక్రాంతికొచ్చే అల్లుళ్ల ముందు పరువుకి. స్కోపు కొనడం పెద్ద విషయం కాదంటారు. డబ్బు పారేస్తే ఎవడైనా ఇస్తాడు. అందులో కన్ను పెడితే కనిపించే గీతలున్నాయే, వాటిని ఎంచుకోవడంలోనే ఉందట మగతనమంతా. ఆ గీతల్ని రెటికిల్ అంటారని మా క్యాంపులో గేదెలు కాసే కుర్రాడికి కూడా తెలుసు. పాపం, వాడు అడక్కపోయినా తెలుసు.

ఉత్త కూడికగుర్తు గీతలు ఆయన లెక్కలో ఒకటో తరగతి. పైతరగతి డూప్లెక్స్. 1962లో లియుపోల్డ్ కంపెనీవాళ్లు తెచ్చారు. అంచుల్లో గీత లావు, నడుమకొచ్చేసరికి సన్నం. మసకచీకట్లో ఆ లావుగీతలే చూపుని మధ్యకి లాక్కొస్తాయి. పంది వచ్చేదీ మసకలోనే కాబట్టి ఇంక తిరుగులేదని ఓ వానాకాలమంతా నమ్మారు. దాళ్వా నాట్లకల్లా అనుమానం పట్టుకుంది. దూరం పెరిగేకొద్దీ తూటా కిందికి దిగిపోతుంది కదా, ఎంత పైకి పట్టి కొట్టాలో చెప్పే గుర్తేదీ? డూప్లెక్స్ రద్దయింది.

తర్వాత మిల్‌డాట్ వచ్చింది. 1970ల చివర్లో అమెరికా మెరైన్లు వాడకంలోకి తెచ్చిన గీతలివి. గీత పొడుగునా చుక్కలుంటాయి. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక మిల్, అంటే దూరంలో వెయ్యోవంతు. 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 1000 మీటర్ల దగ్గర నిండా మీటరు. దీంతో తూటా దిగుబాటుకి లెక్క దొరకడమే కాదు, ఎదుటివస్తువు ఎంత దూరంలో ఉందో కూడా చెప్పొచ్చు.

“75 సెంటీమీటర్ల ఎత్తు పంది మనకి రెండున్నర మిల్లులు కనిపించిందనుకో బావా, అది 300 మీటర్లలో ఉన్నట్టు” అని టీకొట్టు బల్లమీద వేలితో గీసి చూపించారు.

“పంది 75 సెంటీమీటర్లని ఎవరు కొలిచారు బావా?” అన్నాడు ఎదుటాయన.

“అది అంచనా.”

“50 సెంటీమీటర్ల గున్న అయితేనో?”

గురిగారు కాసేపు లెక్క కట్టారు. గున్న అయితే అదే రెండున్నర మిల్లులకి దూరం 200 మీటర్లే. 300 అనుకుని పైకి పట్టి కొడితే తూటా దాని వీపు మీదుగా పోయి పక్కచేలో పడుతుంది. ఆ పూట టీడబ్బులు ఇవ్వకుండానే లేచి వెళ్లిపోయారు.

ఇంట్లో పరిస్థితి వేరు. “మిల్లు తీసుకోవాలనుకుంటున్నా” అని ఒకరాత్రి భోజనాల దగ్గర ప్రకటిస్తే, “ఉన్న మిల్లులే కరెంటుబిల్లు కట్టలేక చస్తుంటే మనకెందుకండీ?” అని వాళ్లావిడ చారు పోశారు.

ఇంతలో డాలస్ అల్లుడుగారు ఫోనులో ఇంకో నిప్పు రాజేశారు. “మిల్లులెందుకు మామయ్యా, ఎంఓఏ, అంటే మినిట్ ఆఫ్ యాంగిల్, తీసుకోండి. 100 గజాలకి అంగుళం పైచిల్లర, చులాగ్గా ఉంటుంది” అన్నారు. అక్కడ రేంజిలు గజాల్లో, కాగితాలు అంగుళాల్లో ఉంటాయి కాబట్టి ఆయనకి చులాగ్గానే ఉంటుంది. ఇక్కడ పొలం ఎకరాల్లో, దూరం మీటర్లలో, వడ్లు బస్తాల్లో కొలుస్తారు. ఒక మిల్లుకి 3.44 ఎంఓఏలని బీరువా తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసుకున్నారు. అప్పట్నుంచీ ఆయన్ని ఒకే పీడకల వెంటాడుతోంది: గీతలు మిల్లుల్లో ఉండి, తిప్పే బుడిపెలు ఎంఓఏల్లో ఉన్న స్కోపు ఎవరో అంటగట్టినట్టు. నిజంగానే అలాంటివి అమ్మారు. కలలో మాత్రం అది అల్లుడుగారు తెచ్చిన కానుక, కాదనడానికి లేదు.

అసలు చిక్కుముడి గీతలు ఏ తలంలో ఉండాలన్నది. ముందుతలంలో ఉంటే జూమ్ పెంచినప్పుడు బొమ్మతోపాటు గీతలూ పెరుగుతాయి, కొలత ఎప్పుడూ తప్పదు. కానీ జూమ్ తగ్గిస్తే గీతలు వెంట్రుకకన్నా సన్నబడి పంది నలుపులో కలిసిపోతాయి. వెనకతలంలో ఉంటే గీతల లావు మారదు, మసకలోనూ కనిపిస్తాయి. కానీ చుక్కల కొలత ఒక్క జూమ్ దగ్గరే నిజం, తక్కిన చోట్ల అబద్ధం. దీనిమీద గురిగారి తుదితీర్పు: పందికి వెనకది, కాగితానికి ముందుది, అల్లుళ్లకి ఏదైనా ఒకటే. తీర్పు బాగుంది. ఒక రైఫిలుకి రెండు స్కోపులు ఎలా బిగించాలన్నదే మిగిలింది.

ఈ మధ్య వచ్చిన క్రిస్మస్‌చెట్టు గీతల్ని కూడా పరిశీలించారు. నడుమ నుంచి కిందికి కొమ్మలు కొమ్మలుగా చుక్కలు, గాలి ఎటు వీచినా పట్టుకోవడానికో చుక్క. బొమ్మ చూసి భార్యామణి అడిగారు: “ఇందులో పంది ఎక్కడ కూర్చుంటుందండీ?”

ఎవరైనా అసలు స్కోపు ఎందుకు గురూగారూ అంటే మాత్రం ఆయనకి చరిత్ర పూనుతుంది. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోట ముట్టడించినప్పుడు క్రిస్టొవావ్ డి ఫిగెయిరెడో అనే పోర్చుగీసువాడు ఇరవైమంది తుపాకీవాళ్లతో వచ్చి, గోడమీద తల ఎత్తినవాణ్నల్లా కొట్టాడని నూనిజ్ అనే మరో పోర్చుగీసువాడు రాసిపెట్టాడు. సంగతేమిటా అని తొంగిచూసిన కోటనాయకుడికి నడినొసట గుండు దిగింది.

“వాడికి ఏ గీతలూ లేవు. మిల్‌డాట్ ఉంటేనా, గాలివాటం కూడా లెక్కేసేవాడు!” అన్నారు గురిగారు.

“వాడు లెక్కేసేలోపు కోటనాయకుడు అన్నం తినడానికి వెళ్లిపోయేవాడు” అన్నాడు టీకొట్టతను.

హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాడని, ఆ పోటీలో స్కోపు పెట్టనివ్వరని ఎవరో గుర్తుచేశారు. “అది పది మీటర్లు. పది మీటర్లలో పంది నిలబడుతుందా?” అని కొట్టిపారేశారు. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

చట్టానికి ఆయన గీతలతో పనిలేదు. 1959 ఆయుధాల చట్టం పంటకాపలా అనగానే తలుచుకునేది మూతిలోంచి మందు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకీని. పందిని కొట్టాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీశాఖ అనుమతి చేతిలో ఉండాలి. ఆ దరఖాస్తు ఆయన రాసి ఉంచారు. ఏ ఆయుధంతో అన్న చోట ఖాళీ వదిలారు, స్కోపు తేలాక పూరించవచ్చని.

మధ్యమధ్యలో ఎన్నికలొస్తాయి. 2023లో అసెంబ్లీ, 2024లో లోక్‌సభ. రెండుసార్లూ రైఫిలు స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకున్నారు. అప్పటికి తాత్కాలికంగా కొన్న మిల్‌డాట్ స్కోపు ఒకటి ఇంట్లో ఉంది. బిగిస్తే తేల్చుకున్నట్టే అవుతుందని బిగించలేదు. తుపాకీ పోయి స్కోపు మిగిలాక ఆయన జీవితం తెరిపిన పడింది. డాబామీద కూర్చుని వాటర్‌ట్యాంకు, సెల్‌టవరు, రామాలయం ధ్వజస్తంభం అన్నీ కొలిచేశారు. కాలువ మీద పైరైతులు రాత్రిపూట తూము ఎత్తడం కనిపెట్టి పంచాయితీ పెట్టించారు. ఏ పనికైనా పనికొచ్చే రైఫిలు ఆయనకి దొరకలేదు గానీ, రైఫిలు లేకపోతే స్కోపు అన్ని పనులకీ వస్తుందని క్యాంపంతా ఒప్పుకుంది.

మొన్న వరి పాలుపోసుకునే వేళ పందులు రెండు క్యాంపుల చేలు తొక్కేశాయి. తెల్లారగానే గురిగారు డాబా ఎక్కి కన్నుపెట్టి, కిందికి కేకేశారు.

“ఇదుగో, ఇలారా! ఆ కాలువ పక్క చేనెవరిదోగానీ తెలివైనవాడే. గట్టు చుట్టూ రాటలు పాతి పాతచీరలు కట్టేశాడు. ఒక్క కంకి పోలేదు! మీటరుంపావు పన్నా, నాలుగు మిల్లులకి కాస్త పైన, సరిగ్గా 300 మీటర్లు. నడుమ ఉన్నది ఆకుపచ్చ చీర, జరీ అంచు.”

“అది మన చేనే” అన్నారావిడ వాకిట్లో ముగ్గేస్తూ. “ఆ జరీచీర మన పెద్దమ్మాయి పెళ్లినాటిది. కోతలయ్యాక విప్పి లోపల పెట్టాలి, కాస్త గుర్తుచేయండి.”