మామయ్య వేసిన ఎర

ఇంటర్నెట్‌లో ఊరూ పేరూ తెలియనివాళ్ళని ఓ చిన్న సందేహం అడిగి చూడండి. చాలాసార్లు పలికే దిక్కుండదు. అదే, అన్నీ తెలిసినట్టు ఓ తప్పు మాట అని చూడండి. తలుపులు బద్దలు కొట్టుకుని మరీ వస్తారు.

ఈ కిటుకు మా మామయ్యకి నేర్పింది వాళ్ళ మనవడు. మామయ్య పోస్ట్‌మాస్టర్‌గా రిటైరై ఇరవయ్యేళ్ళయింది. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో. అత్తయ్య పోయాక కాకినాడ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. ఒంటరిగా ఉండే మనిషికి పెద్ద కష్టాలకంటే చిన్న సందేహాలే ఎక్కువ. కుక్కర్ రబ్బరు సాగితే చల్లనీళ్ళలో వెయ్యాలా, కొత్తది కొనాలా? ఇన్వర్టర్ బ్యాటరీలో ఏ నీళ్ళు పొయ్యాలి? చొక్కా మీద పసుపు మరక ఎలా వదులుతుంది? ఇవన్నీ ఒకప్పుడు అత్తయ్యకి తెలిసిన సంగతులు. కొడుక్కి ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అంటాడు. ఆ మళ్ళీ ఆదివారందాకా రాదు. పసుపు మరక ఆదివారందాకా ఆగదు.

అందుకని ఫేస్‌బుక్‌లో జనాన్ని అడగడం మొదలుపెట్టాడు. ముఖం తెలియనివాళ్ళని ఇలాంటివి అడగడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' దశాబ్దాల తరబడి నడిచిందంటే ఎందుకు? ఎక్కడో మద్రాసులో ఉన్న ఆవిడకి ఇక్కడి ఆడవాళ్ళు ఉత్తరాలు రాసేవారు, ఆవిడ ఓపిగ్గా జవాబు చెప్పేది. మా పెద్దమ్మ, అంటే మామయ్యకి స్వయానా అక్క, ఆ పేజీలు కత్తిరించి బీరువాలో చీరల కింద దాచుకునేది. ఒక మనిషి పేరు పెట్టి చెప్పిందంటే పెద్దమ్మకి అది వేదం. ఆ అలవాటు ఆవిడకి ఇప్పటికీ పోలేదు.

మామయ్య మొదటి ప్రశ్న వేసవిలో పడింది. "ఆవకాయ పెట్టాలనుకుంటున్నాను. ఆవాలు ఎండబెట్టి పొడి కొట్టాలా, వేయించి కొట్టాలా? తెలిసినవారు చెప్పగలరు" అని ఎంతో మర్యాదగా రాశాడు. సాయంత్రానికి ఇద్దరు స్పందించారు. ఒకాయన రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన "శుభోదయం" అన్నాడు, అదీ సాయంత్రం.

మనవడు ఆ మధ్య సెలవలకి వచ్చి ఉన్నాడు. తాత దిగాలు చూసి నవ్వాడు.

"అలా అడక్కూడదు తాతయ్యా. తప్పు చెప్పు. దీన్నే కన్నింగ్‌హామ్ సూత్రం అంటారు."

వార్డ్ కన్నింగ్‌హామ్ అని అమెరికాలో ఓ ప్రోగ్రామర్ ఉన్నాడు. ఎవరైనా వచ్చి రాసి, ఎవరైనా వచ్చి దిద్దే మొట్టమొదటి వికీని 1995లో పెట్టింది ఆయనే. 2001లో వచ్చిన వికీపీడియా ఆ దారి పట్టిందే. ఇంటర్నెట్‌లో సరైన జవాబు కావాలంటే ప్రశ్న అడగడం కాదు, తప్పు జవాబు పెట్టడమే మంచి దారి అన్న సూత్రానికి ఆయన పేరు తగిలించినవాడు, ఇంటెల్‌లో పనిచేసిన స్టీవెన్ మెక్‌గేడీ. తమాషా ఏమిటంటే, ఆ మాట నేననలేదు మొర్రో అని కన్నింగ్‌హామ్ మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? సూత్రం ఆయన పేరుమీదే ఊరేగుతోంది. మనవడు తాతకి సూత్రం చెప్పాడు గానీ ఈ కొస చెప్పలేదు. వాడికీ తెలిసి ఉండదు.

మర్నాడు మామయ్య ఇలా రాశాడు: "ఆవకాయకి ఆవాలు దోరగా వేయించి పొడి కొట్టాలి. అప్పుడే రుచి."

పావుగంటలో యుద్ధం మొదలైంది. వేయిస్తే ఆవ ఘాటు చచ్చిపోతుందని గుంటూరు నుంచి ఒకావిడ. రెండెండలు పెట్టి, వేడి చల్లారాక కొట్టాలని తణుకు నుంచి ఇంకొకావిడ. కల్లుప్పు కూడా ఎండబెట్టి దంచుకోవాలని, ముక్కకి టెంక పెంకు ఉండాలని, జీడి తీసి లోపలి పొర గుడ్డతో తుడవాలని, తడి తగిలితే బూజు ఖాయమని తలో మాటా. పప్పునూనె తప్ప ఇంకేది పోసినా అది ఆవకాయే కాదని ఒక పెద్దాయన తీర్పు చెప్పాడు. "మా దిక్కు నూనె కాగబెట్టి, పోపేసి, సల్లారినంక పోస్తం, మాది ఆవకాయ కాదా?" అని కరీంనగర్ నుంచి ఒకామె ఆయన మీదికి వెళ్ళింది. వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్న దగ్గర రెండు జిల్లాలవాళ్ళు మాటలు మానేశారు.

ఆ గోలలో తెనాలి ఆవిడ ఒకరు మామయ్యని నిలదీసింది. "ఆవాలు వేయించమంటారేంటండీ, మీ ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?"

"లేరమ్మా. పోయినేడు పోయింది" అని రాశాడు మామయ్య.

ఆవిడ ఇంక కోప్పడలేదు. అరగంట కూర్చుని, ఒక్క మనిషికి ఏడాదికి సరిపడా ఆవకాయ ఎలా పెట్టాలో గిద్దలతో, సోలలతో సహా రాసి పంపింది. మూడోనాడు మర్చిపోకుండా తిరగకలపండి అన్నయ్యగారూ అని చివర్లో గుర్తు చేసింది. ఆ ఆవకాయ నేనూ తిన్నాను. అత్తయ్య పెట్టినంత లేదని మామయ్య అన్నాడు గానీ, అంత తక్కువా లేదు.

ఆ తర్వాత మామయ్యని పట్టుకునేవాళ్ళు లేరు. ఏ సందేహం వచ్చినా దాన్ని తిరగేసి తప్పుగా రాసి, ఎర వేసి కూర్చునేవాడు. ఇన్వర్టర్ బ్యాటరీలో కుళాయి నీళ్ళు పోస్తే చాలునన్నాడు. డిస్టిల్డ్ వాటర్ పొయ్యకపోతే బ్యాటరీ గుల్లవుతుందని నలుగురు వాయించారు. పసుపు మరకని వేణ్ణీళ్ళతో, సబ్బుతో రుద్దమన్నాడు. సబ్బు తగిలితే పసుపు ఎర్రగా తిరుగుతుంది, ఎండలో వెయ్యండి చాలు అని దిద్దారు. తిట్లు కొంచెం తగిలేవి, ఆయన పట్టించుకునేవాడు కాదు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నవాడికి తిట్లు కొత్తా?

ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాడు. పని కాగానే, సరైన జవాబు డైరీలో ఎక్కించుకుని, తను పెట్టిన తప్పు మాట తీసేసేవాడు. "తప్పు నా పేరుమీద ఉండకూడదురా, పదిమంది చూస్తారు" అనేవాడు. అది తీసేస్తే దాని కింద ఉన్న దిద్దుబాట్లూ పోతాయి. పోతే పోయాయి, తప్పే లేనప్పుడు దిద్దుబాటుతో పనేముంది? వినడానికి న్యాయంగానే ఉంది.

అలా ఉండగా మామయ్యకి 80 నిండాయి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి. ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. ఒకప్పుడు బ్యాంకుకి వెళ్ళి సంతకం పెట్టేవారు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో పనైపోయేది. మామయ్య వేలిముద్రలు ఈమధ్య మిషన్ మీద పడటంలేదు. 80 దాటినవాళ్ళకి ఏదో వెసులుబాటు ఉందని ఎక్కడో విన్నాడు, అదేమిటో తెలియదు. ఇంకేం, ఎర సిద్ధం చేశాడు. ఈసారి కొంచెం గట్టి ఎర, ఎందుకంటే సగం నిజమే కలిపాడు.

"శుభవార్త! 80 ఏళ్ళు నిండిన కేంద్ర పెన్షనర్లకి 20 శాతం అదనపు పెన్షన్. లైఫ్ సర్టిఫికెట్ నుంచి పూర్తి మినహాయింపు." కింద పేరు, రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, కాకినాడ. పక్కన రిటైర్మెంట్ నాటి ఫొటో, మెడలో దండతో.

80 నిండితే 20 శాతం అదనం అన్నది నిజం. 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళు నిండితే పెన్షన్‌కి పెన్షన్ అదనం. రెండో మాటే ఎర. గంట తిరక్కుండా జనం దిగారు. "అయ్యా, మినహాయింపు ఎక్కడా లేదు. 80 దాటినవాళ్ళు నవంబరుదాకా ఆగకుండా అక్టోబరు 1 నుంచే ఇవ్వచ్చు, అంతే వెసులుబాటు. అక్టోబరులో ఇచ్చినా పై ఏడు నవంబరు 30 దాకా చెల్లుతుంది" అని విశాఖ నుంచి ఒకాయన. వేలిముద్ర పడకపోతే ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వచ్చని, 2021 చివరి నుంచీ ఆ సదుపాయం ఉందని, ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు వేసుకోమని ఇంకొకాయన. అదీ చేతకాకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వస్తాడు తాతగారూ అని ఒక కుర్రాడు, పోస్ట్‌మాస్టర్‌కి.

అక్టోబరు మొదటి వారంలో మనవడు వీడియో కాల్‌లో చెబుతుంటే, యాప్ కళ్ళార్పమన్నప్పుడు కళ్ళార్పి, మామయ్య తను బతికున్నట్టు నిరూపించుకున్నాడు. డైరీలో రాసుకున్నాడు. తప్పు మాట తీసేశాడు. ఈలోగా ఎవరో దాన్ని ఫొటో తీసి ఎక్కడికో పంపారని ఆయనకి తెలియదు.

డిసెంబరు నెలాఖరుకి రాజమండ్రిలో పెద్దమ్మ ఖాతాలో పెన్షన్ పడలేదు. పెదనాన్న రైల్వే గార్డు, ఆయన పోయాక ఆవిడకి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ అది. పెద్దమ్మకి 84. తమ్ముడికి ఫోన్ చేసింది.

"లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చావా అక్కయ్యా?"

"ఎందుకివ్వాలి? అక్కర్లేదని నువ్వేగా చెప్పావు."

"నేనెప్పుడు చెప్పాను?"

"మా రైల్వేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నీ పేరు, నీ ఫొటో, దండతో సహా. బ్యాంకునుంచి ఏదో మెసేజ్ వస్తే మా అబ్బాయి ఇచ్చేద్దామన్నాడు. నేనే వద్దన్నాను. మా తమ్ముడు పోస్ట్‌మాస్టరు, వాడికంటే వీళ్ళకి ఎక్కువ తెలుసా అన్నాను."

మామయ్య మర్నాడు పొద్దున్నే రాజమండ్రి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. తన ఫోన్‌లోనే పెద్దమ్మ చేత కళ్ళార్పించి సర్టిఫికెట్ ఇప్పించాడు. ఆగిన డబ్బు ఎక్కడికీ పోదని, బకాయితో సహా పడుతుందని ధైర్యం చెప్పాడు. పెద్దమ్మ కాఫీ ఇచ్చింది గానీ, అబద్ధం ఎందుకు రాశావని అడగలేదు. అడిగితే బాగుండేదనుకుంటాను.

ఆ గ్రూపులో 80 దాటినవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో! పెద్దమ్మ కొడుకు చేత తన నంబరు అందులో చేర్పించుకుని, మామయ్య ఒక్క వేలితో టైపు చేశాడు. ఈసారి ఎర లేదు, తిరగెయ్యడం లేదు. "80 దాటినవారు కూడా లైఫ్ సర్టిఫికెట్ తప్పనిసరిగా ఇవ్వాలి. ఇదివరకు ఈ గ్రూపులో వచ్చిన మాట తప్పు. పెన్షన్ ఆగినవారు వెంటనే ఇవ్వండి, బకాయితో సహా వస్తుంది."

నిమిషంలో జవాబొచ్చింది. జవాబంటే, దండతో ఉన్న మామయ్య ఫొటో, కింద మామయ్య మాట. "ఒక పోస్ట్‌మాస్టర్‌గారు పేరూ ఊరూ పెట్టి రాశారు. మీరెవరండీ పెద్దవాళ్ళని కంగారు పెట్టడానికి?"

"ఆ పోస్ట్‌మాస్టర్‌ని నేనేనండీ."

"రుజువేమిటి?"

మామయ్య అక్కడికక్కడే సెల్ఫీ తీసి పంపాడు. దండ ఫొటోలో నల్లజుట్టు, నిండు బుగ్గలు. సెల్ఫీలో బోడితల, తెల్లగడ్డం, బోసినోరు. గ్రూపు కాసేపు తర్జనభర్జన పడింది. అప్పుడు అన్నీ తెలిసినవాడొకడు రంగంలోకి దిగాడు.

"ఆ పోస్ట్‌మాస్టర్‌గారు నాకు బాగా పరిచయం. ఈమధ్యే కాలం చేశారు. పోయిన మహానుభావుడి పేరు వాడుకోడానికి సిగ్గుండాలి."

మామయ్య కంగారుపడలేదు. "తప్పు చెప్పాడుగా, ఇప్పుడు చూడు, ఎవరో ఒకరు సరిదిద్దుతారు" అన్నాడు నాతో. ఫోన్ పట్టుకుని ఆగాడు.

మొదటి 'ఓం శాంతి' పడింది. తర్వాత వరసగా పడుతూనే ఉన్నాయి. ఒకాయన దీపం బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన, ఆయన చివరిదాకా పెన్షనర్ల మేలే కోరారు అని రాశాడు. ఆ తర్వాత అడ్మిన్ మామయ్య నంబరుని గ్రూపులోంచి తీసేశాడు, తప్పుడు సమాచారం ప్రచారం చేస్తున్నందుకని.

మామయ్య లైఫ్ సర్టిఫికెట్ ఈ నవంబరు 30 దాకా చెల్లుతుంది.