పోకముందే జపానోడు

కువైట్ పోయొచ్చినవాణ్ణి ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు. పోయేటప్పుడు మామూలుగానే పోతాడు. దిగేటప్పుడు మాత్రం ముందు అత్తరు వాసన దిగుతుంది, తర్వాత తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, ఆఖర్న ఇంట్లో కూడా తీయని నల్లకళ్లద్దాలతో అతడు. ఇప్పుడు ఈ మెట్ట ప్రాంతంలో ఇంకో రకం మనిషి తయారయ్యాడు. జపాను పోబోయేవాడు. ఇతడిది తలకిందుల వరస. వీసా సంగతి దేవుడెరుగు, చెన్నై దాటి అడుగు పెట్టి ఎరగడు. మనిషి మాత్రం అప్పుడే జపాను నుంచి సెలవు మీద వచ్చినట్టుంటాడు.

తప్పు అతడిది కాదు. 2021 జనవరిలో మన ప్రభుత్వమూ జపాను ప్రభుత్వమూ నైపుణ్యమున్న పనివాళ్ల కోసం ఒప్పందం రాసుకున్నాయి. 2025 ఆగస్టులో లెక్క కూడా చెప్పుకున్నాయి: అయిదేళ్లలో మన దేశం నుంచి 50,000 మంది. అక్కడ ముసలివాళ్లు ఎక్కువ, వాళ్లను లేపి కూర్చోబెట్టే చేతులు తక్కువ. డిగ్రీ చేతబట్టుకుని ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతున్న మనవాడికి ఈ లెక్క బాగా కుదిరింది. వృద్ధుల సేవను అక్కడ కైగో అంటారు. అందులో చేరాలంటే పనికి ఒక పరీక్ష, ఆ పనిలో వాడే భాషకు ఒకటి, మామూలు భాషకు ఇంకొకటి. మామూలు భాషలో ఎన్5 అన్నిటికన్నా కింది మెట్టు, ఎన్1 పై మెట్టు. ఇంట్లో మొదటి గొడవ ఇక్కడే వచ్చింది.

“నాయనా, ఎన్5 అయిపాయ. ఇప్పుడు ఎన్4కి చదవతుండా.”

“అంటే తగ్గినావా?”

“ఎక్కినా నాయనా. ఒకటి దాకా పోవాల.”

“ఫీజులు మాత్రం పైకే పోతుండాయే!”

ఇంటి గోడల నిండా హిరగానా అక్షరాలు 46, కతకానా అక్షరాలు 46 అంటించాడు. వాకిలి మీద కూడా. పక్కింటావిడ వాటిని చాలాసేపు చూసి, ఏ సామి రాసిచ్చిన యంత్రాలివి, మా బర్రె పాలు చేపడం లేదు, మాకూ ఒకటి ఇప్పించమని అడిగింది. ఇవి పోను కంజీ అనే అక్షరాలున్నాయి. అక్కడి పిల్లలు బడి చదువు అయ్యేలోగా నేర్చుకోవలసినవే 2,136. మనవాడు ఇంకా వాటి మొదట్లోనే ఉన్నాడు. ముందు ముందు ఇంటికి గోడలు చాలవు.

ఈ జాతిలో ఊరి భేదాలు కూడా ఉన్నాయి. ఉదయగిరివాడికి తన ఊరు కతకానా అక్షరాల్లో చెక్కుచెదరకుండా పడుతుందని గర్వం. ఆత్మకూరువాడు తన ఊరిని ‘ఆతోమకూరు’ అని రాసుకుని తల వంచుకోవాలి. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టిన దుర్గం మాది, జపాను వాళ్లు కూడా ఒక్క అక్షరం కదపలేకపోయారని ఉదయగిరివాడు అంటాడు. ఆత్మకూరువాడి దగ్గర దీనికి జవాబు లేదు. ఊళ్లో బస్సు డిపో ఉంది గానీ అది ఇక్కడ పనికిరాదు.

రెండో గొడవ మర్యాద దగ్గర. బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు సొంతవాళ్లను తగ్గించి, ఎదుటివాళ్లను హెచ్చించాలని జపాను పద్ధతి. ఒకనాడు టీచరుతో ఫోనులో కుటుంబం గురించి చెబుతున్నాడు. మంచం మీదున్న తండ్రి లేచి కూర్చున్నాడు.

“ఎవుర్నిరా ఛీఛీ అంటుండావు?”

“నిన్నే నాయనా. చిచి అంటే మా నాయన అని.”

“మరి పక్కింటి పిల్లోడి నాయన?”

“ఆయన ఒతోసాన్.”

పక్కింటాయనకు, అందులోనూ గట్టు తగాదా ఉన్న పక్కింటాయనకు, సాన్ తగిలించడం తండ్రికి ఈనాటికీ మింగుడుపడలేదు. తల్లిని ‘హహ’ అంటారని మాత్రం మనవాడు ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఫోను మాట్లాడుతూ వంగుతాడు కూడా. అవతలివాళ్లకు కనపడదు కదా అంటే, జపాను వాళ్లూ అంతే, ఫోనులోనూ వంగుతారంటాడు. నిజమే. అయితే వాళ్లు ఆత్మకూరు బస్టాండులో వంగరు. అక్కడ రైలు ఆలస్యమైతే ఆఫీసులో చూపించుకోవడానికి స్టేషనువాళ్లు చీటీ ఇస్తారు. అది తెలిసిన మర్నాడే, ఉదయగిరి నుంచి ఆలస్యంగా వచ్చిన బస్సు కండక్టరును చీటీ అడిగాడు. కండక్టరు పైకీ కిందికీ చూసి, “టికెట్టు కొట్టించుకో సామీ, అదే చీటీ” అన్నాడు. మనవాడు నడుము దాకా వంగాడు. వెనక మూట నెత్తిన పెట్టుకుని ఎక్కబోతున్నవాడు కింద పడ్డాడు.

జపాను వాళ్లు అన్నం తినే పుల్లలకు ఇక్కడ కొదవ లేదు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపే ఉంది. కొండ మీది నర్ది కర్రను అంత నున్నగా తీర్చేవాళ్లకు రెండు పుల్లలు చెక్కడం ఒక లెక్కా? చేపల పులుసు అన్నాన్ని ఆ పుల్లలతో తినడం మాత్రం లెక్కే. తమ్ముడు వాటిని అన్నంలో నిలువుగా గుచ్చితే, అది చావింట్లో చేసే పని అని మనవాడు గావుకేక పెట్టాడు. పచ్చి చేప తింటారటగా అని తల్లి అడిగినప్పుడు మటుకు అంత గొంతు లేవలేదు.

అసలు చదువు అవ్వ మీద జరుగుతోంది. ఆమె కాలు విరిగి మంచంలో ఉంది. మనిషిని ముట్టుకునే ముందు చెప్పాలి, అడగాలి, ఒప్పుకున్నాకే కదపాలి అని కైగో పాఠం.

“అవ్వా, ఇప్పుడు మిమ్మల్ని కుడిపక్కకు తిప్పబోతున్నాను. సరేనా?”

అవ్వ గదిలో ఇంకెవరున్నారోనని చూసింది. “మిమ్మల్నంటే ఎవుర్నిరా?”

అలవాటయ్యాక ఆమె కోడల్ని ముట్టుకోనివ్వడం మానేసింది. “వాడు చెప్పి తిప్పతాడు. నువ్వు బియ్యం మూటను తిప్పినట్టు తిప్పతావు” అని ముఖం మీదే అనేసింది. ఇప్పుడు సరేనా అని అడిగితే ‘హై’ అంటోంది.

ఎన్4 పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారం, చెన్నైలో. కొడుకు గట్టెక్కితే పొంగళ్లు పెడతానని తండ్రి నర్రవాడ వెంగమాంబకు మొక్కుకున్నాడు. వాడు తప్పితే పట్టుచీరె పెడతానని అవ్వ, ఎవరికీ చెప్పకుండా, ఆ తల్లికే మొక్కుకుంది.