ఆసియాలో ఎటు పోదాం సారూ?

లక్సెట్టిపేటలో ఇంగ్లీషు టీచరు "ఫారిన్ పోదామనుకుంటున్న" అని నోరు జారితే చాలు, ఊత్కూర్ చౌరస్తా దాటేలోపు నలుగురు ఆపి అడుగుతారు: "కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా?" మా దిక్కు దేశాల సంగతి భూగోళం పుస్తకంలో చదివి తెలుసుకోరు. ఎవరి బామ్మర్ది ఎక్కడున్నడో దాన్నిబట్టి తెలుస్తుంది. రాయపట్నం వంతెన దాటి జగిత్యాల వైపు పోతే దుబాయ్, మస్కట్ పక్క మండలాల్లాగే వినిపిస్తాయి. ఏళ్ల తరబడి మావాళ్లు పోయొస్తున్న సౌదీ, ఒమన్, ఖతర్ అన్నీ ఆసియాలోనివే. అందుకే "ఆసియాలో ఎక్కడన్న పాఠాలు చెప్పుకుంట" అంటే, అందులో కొత్తేముందన్నట్టు చూశారు.

నా మనసు మాత్రం కొరియా మీద పడింది. మా ఆవిడ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఓటీటీలో తెలుగు మాట్లాడే కొరియా హీరోలను చూసీ చూసీ ఆమెకు మంచిర్యాల కంటే సియోల్ బాగా తెలుసు. అడ్డం చెప్పింది కొరియా వీసా రూలే. ఇంగ్లీషు చెప్పడానికి వాళ్లిచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల వాళ్లకు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఆ దేశాల్లో పుట్టి పెరిగినవాడికి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. పశువుల దాణా మీద చదివినా సరే, 'ఎ'కూ 'యాన్'కూ తేడా చెప్పొచ్చు. రెన్ అండ్ మార్టిన్ అట్టలు ఊడేదాకా చదివిన మనం మాత్రం వరుసలో వెనక నిలబడాలి. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం మనకూ కొంచెం సందిచ్చింది. కానీ ఇంగ్లీషు టీచరుగా లైసెన్సు ఉండాలి, పోస్టు పేరేమో అసిస్టెంటు. ఇంట్లో నా పోస్టూ అదే కాబట్టి పెద్దగా బాధపడలేదు.

తర్వాత థాయిలాండ్ చూశాం. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోయిక్ లాంటి పరీక్ష రాసి మార్కులు చూపించాలట. "పొద్దుగాల లేస్తే పిలగాళ్లకు పరీక్షలు పెట్టెటోనికి పరీక్షా?" అని మా బావ పడీ పడీ నవ్వాడు. ఆయన మస్కట్‌లో క్రేను నడిపి వచ్చిన మనిషి. ఇక్కడి లైసెన్సు జేబులో ఉన్నా అక్కడ మళ్లీ టెస్టిచ్చాడు. ఆ నవ్వులో సానుభూతి లేదు, పగ ఉంది.

భూటాన్‌కైతే మనకు వీసానే అక్కర్లేదు. అక్కడి బడుల్లో చదువు ఇంగ్లీషులోనే సాగుతుంది, మన దేశం టీచర్లు మొదట్నించీ పోతున్నారు. నేను మురిసిపోతుంటే బావ అక్కడి డబ్బు సంగతి అడిగాడు. ఒక ఎంగుల్‌ట్రమ్ అంటే సరిగ్గా ఒక రూపాయి అని చెప్పాను. "ఇమానమెక్కి పోయి రూపాయలు సంపాయించుడేంది బామ్మర్దీ? ఇజ్జత్ పోతది" అని తేల్చేశాడు.

మాల్దీవుల దగ్గర మా అమ్మ పంచాయితీ పెట్టింది. అక్కడ మన టీచర్లు దండిగా ఉన్నారనీ, బళ్లలో ఇంగ్లీషు మీడియమేననీ చెప్పినా వినలేదు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు తెగుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు నిద్ర మానుకున్న రాత్రి ఆమె ఇంకా మరవలేదు. "గేట్లు లేని నీళ్ల నడిమిట్ల ఉంటవా బిడ్డా?" అంది. ఆ దీవులు సముద్ర మట్టానికి సగటున మీటరున్నర ఎత్తే అన్న ముక్క నేను బయటపెట్టలేదు.

చివరికి సూది తిరిగి తిరిగి గల్ఫ్ దగ్గరే ఆగింది. అక్కడ సీబీఎస్‌ఈ బళ్లకు కరువు లేదు, మస్కట్ ఇండియన్ స్కూలు 1975 నుంచీ ఉంది. బీఎడ్ ఉందా అని అడుగుతారు, ఉంటే పిలుస్తారు. తిరకాసు ఒక్కటే. సముద్రం దాటి క్లాసులోకి పోతే "మే ఐ కమిన్ సార్" అని గుమ్మంలో నిలబడేది మళ్లీ మన పిలగాళ్లే.

ఈ సంగతి మా బడి కరస్పాండెంటు చెవిన పడింది. "లక్సెట్టిపేట గూడ ఆసియాలనే ఉన్నది గద సారూ" అన్నాడు. భూగోళం ప్రకారం నిజమే, జీతం మాత్రం ఆ ఖండం లెక్కల్లో ఎక్కడా తగలదు. నా దరఖాస్తు మస్కట్‌కే పోయింది.

మీరూ పోదామనుకుంటే దేశం ఎంచుకోకముందే డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లకు అటెస్టేషన్ చేయించుకోండి, వీసా కంటే దానికే ఎక్కువ తిప్పుతారు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకునే ఫీజు 30 వేల రూపాయలకు మించకూడదు, జీఎస్టీ వేరు. అంతకంటే ఎక్కువ అడిగితే వాడు పోసిన ఛాయ్ తాగి లేచి రండి.