ఒరిజినల్ సామాను

మా బాబాయి కారు మారుతీ 800. 1998 మోడలు, తెల్ల రంగు, కార్బురేటరు బండి. దాని విషయంలో ఆ ఇంట్లో రెండు మతాలున్నాయి. బాబాయిది లోపలి మతం: ఆయిలు, గ్రీజు, బెల్టు, టాపెట్లు. వాళ్ళబ్బాయిది, అంటే మా తమ్ముడిది, పై మతం: రిమ్ములు, స్టిక్కర్లు, చప్పుడు.

బాబాయి బ్యాంకులో క్యాషియరుగా రిటైరైన మనిషి. పొద్దున్నే చోక్ లాగి బండి స్టార్ట్ చేస్తాడు. ఇంజను వేడెక్కాక చోక్ లోపలికి నెట్టి, అప్పుడు గాని గేరు వెయ్యడు. చోక్ లాగింది లాగినట్టే వదిలేస్తే పెట్రోలు ఎక్కువ తాగి ప్లగ్గులు మసిబారిపోతాయి. ఐదు వేల కిలోమీటర్లు తిరిగిందంటే ఆయిలు మార్చాల్సిందే, పండగైనా సరే. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటే యాక్సిల్ బూటు చిరిగి లోపలి గ్రీజు పోయిందని లెక్క. ఆ బూటు ఓ రబ్బరు ముక్క. వందల్లో తేలే పని, పట్టించుకోకపోతే జాయింటు అరిగి వేలల్లోకి వెళ్తుంది. ఇదంతా బాబాయికి కంఠతా.

నిజానికి ఆ బండిలో అర్థం కానిదేమీ లేదు. మూడు సిలిండర్లు, 796 సీసీ. నాలుగు స్పానర్లు, ఓ స్క్రూడ్రైవరూ ఉంటే చెట్టు కింద విప్పి చెట్టు కిందే బిగించొచ్చు. 1983 డిసెంబరులో మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. ఆఖరి బండి 2014 జనవరిలో ఫ్యాక్టరీ దాటింది. ముప్పై ఏళ్ళు అది నడిచింది అందం వల్ల కాదు, ఈ సులువు వల్లేనని నా నమ్మకం. మా తమ్ముడు ఒప్పుకోడు.

వాడిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2021లో ఆఫీసు పని ఇంటి నుంచే కావడంతో విజయవాడ వచ్చి కూర్చున్నాడు. అప్పుడే బాబాయి అడిగాడు.

“యాక్సిల్ బూట్లు, టైమింగ్ బెల్టు మార్పించాలిరా. కార్బురేటరు కూడా విప్పి కడగాలి. ఓ ఆరేడు వేలవుతుంది.”

“ఈ డొక్కు డబ్బాకి అంత దండగెందుకు నాన్నా!” అన్నాడు వాడు.

మరుసటి నెలలోనే ఆ డొక్కు డబ్బాకి అలాయ్ వీల్స్ వచ్చాయి. కంపెనీ వేసినవి పన్నెండంగుళాల ఇనుప రిమ్ములు, 145/70 టైర్లు. వీడు పదమూడంగుళాలవి, 155/65 వేయించాడు. లావు స్పోర్ట్స్ సైలెన్సరు, కోను ఆకారం ఎయిర్ ఫిల్టరు, అరచేతిలో ఇమిడే చిన్న స్టీరింగు, నేలకి ఆనే బంపర్లు, వెనక సీటు మీద సగం చోటు ఆక్రమించే స్పీకరు పెట్టె, ఒళ్ళంతా మెరుపు లేని నల్ల స్టిక్కరు. లక్ష దాటిందని పిన్ని నాతో గొణిగింది. వాడు మాత్రం “అబ్బే, అంతేం కాలేదు” అన్నాడు.

ఫలితాలు చెప్పాలంటే చాలానే ఉన్నాయి. పవర్ స్టీరింగు లేని బండికి లావు టైర్లేసి, ఆపైన స్టీరింగు చక్రం చిన్నది చేస్తే పార్కింగు చేసేటప్పుడు భుజాలు పడిపోతాయి. నలుగురెక్కి స్పీడ్ బ్రేకరు దాటితే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. కోను ఫిల్టరు ఇంజను పక్కనున్న వేడి గాలినే పీలుస్తుంది. వేడి గాలి పలచన, దాంతో ఇంజను బలం పెరక్కపోగా కాస్త తగ్గుతుంది, పెరిగేది చప్పుడొక్కటే. ఆ చప్పుడు వల్ల ఒక లాభం ఉంది లెండి: బండి వీధి మలుపు తిరగ్గానే పిన్ని కంచం పెట్టేసేది.

మైలేజీ పడిపోయిందని వాడే మొత్తుకున్నాడు. అందులో కొంత మీటరు మాయ అని బాబాయి కాగితం మీద వేసి చూపించాడు. టైరు చుట్టుకొలత పెరిగింది కాబట్టి, మీటరు వంద కిలోమీటర్లు చూపించేసరికి బండి దాదాపు నూట ఐదు తిరిగేసి ఉంటుంది. “నీకు తెలీదులే నాన్నా” అని వాడు ఆ కాగితంతో స్పీకరు పెట్టె మీద దుమ్ము తుడిచాడు.

విప్పిన సామానంతా ఆటోనగర్‌లో మేస్త్రి షెడ్డులో కుప్పగా పడి ఉంది. “ఏం చెయ్యమంటారు బాబూ?” అని మేస్త్రి అడిగితే, “పాత ఇనుము వాడికి వేసెయ్” అని వాడు చెయ్యి దులుపుకున్నాడు.

2023లో ఆర్.సి. గడువు ముగిసింది. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించాలి. 600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. బాబాయి ఫీజు కట్టి, కొడుకుని వెంటబెట్టుకుని బండి తీసుకెళ్ళాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగాడు. వంగి సైలెన్సరు చూశాడు. ఆర్.సి.లో తెలుపు అని రాసి ఉంటే ఎదురుగా నలుపు నిలబడి ఉంది.

“మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను విన్నారా? కంపెనీ ఇచ్చిన రూపం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఎలా వచ్చిన బండిని అలా చేసి తీసుకురండి” అన్నాడు. ఆయన తప్పేం లేదు.

స్టిక్కరైతే ఊడబెరికారు. మిగతా సామాను? తమ్ముడు ఆటోనగర్ అంతా గాలించాడు. దొరికినవన్నీ సొట్టలు, తుప్పులు, వేరే బండివి. చివరికి మేస్త్రి దగ్గరికే వెళ్ళాడు.

“800కి ఒరిజినల్ సామాను ఇప్పుడెక్కడ దొరుకుద్ది బాబూ? బండే ఆపేసి తొమ్మిదేళ్ళయింది” అని మేస్త్రి తల గోక్కున్నాడు. “సరే, ఒక పార్టీ ఉన్నాడు. కనుక్కుంటాను.”

పార్టీ దగ్గర అన్నీ ఉన్నాయని కబురొచ్చింది. నాలుగు రిమ్ములు 6,000. సైలెన్సరు 4,500. రెండు బంపర్లు 3,500. స్టీరింగు 2,000. ఎయిర్ ఫిల్టరు డబ్బా 1,500. వెరసి 17,500.

“పాత సామానుకి అంతా? పన్నెండు చెయ్యమను.”

“అడిగాను బాబూ. పార్టీ ఒక్క రూపాయి తగ్గనన్నాడు. మాలు కావాలంటే పట్టుకెళ్ళమన్నాడు.”

“నాతో మాట్లాడించు, నేను తగ్గిస్తాను.”

“ఫోన్లో బేరాలాడడంట.”

వాడు డబ్బు కట్టాడు. సామాను దిగింది. ఒక్క వాషరు కూడా అటూ ఇటూ కాకుండా బిగిసింది. మేస్త్రి నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ “అదృష్టం బాబూ, మీ బండిలోంచి తీసినట్టే ఉంది” అన్నాడు. రెన్యువల్ అయిపోయింది, 2028 దాకా.

ఆ మరుసటి వారమే అలాయ్ వీల్స్ మళ్ళీ ఎక్కాయి. సైలెన్సరు మళ్ళీ గర్జించింది. అయిదేళ్ళపాటు ఆ ఇనుమంతా ఇంట్లో ఎక్కడ పెడతాం అని, తమ్ముడు ఒరిజినల్ సామాను మూడు వేలకి మేస్త్రికే అమ్మేశాడు. ఈసారి ఊరికే పారెయ్యలేదు కదా అని కాస్త గర్వపడ్డాడు కూడా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బెంజి సర్కిల్ దాకా తిప్పి, “చూడన్నా, అలాయ్స్ వేశాక టకటకల్లేవు, ఎంత మెత్తగా పోతోందో” అన్నాడు. బండి నిజంగానే మెత్తగా పోతోంది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్ని అరిసెల మూకుడు దించమంటే అటక ఎక్కాను. మూకుడు వెనక గోనెసంచులు. కదిపితే గణగణమన్నాయి. విప్పి చూస్తే నాలుగు ఇనుప రిమ్ములు, ఓ సైలెన్సరు.

కిందికి దిగి బాబాయి వైపు చూశాను. ఆయన పేపరు మడిచి, బీరువాలోంచి పెట్రోలు లెక్కల పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. క్యాషియరు దస్తూరీ, కొట్టివేతల్లేవు.

2021: పాత సామాను కొనుగోలు, మేస్త్రి దగ్గర, 1,100.

2023: పాత సామాను అమ్మకం, 17,500. మేస్త్రి కమీషను 1,750. ఆర్.సి. ఫీజు 5,000. యాక్సిల్ బూట్లు, టైమింగ్ బెల్టు, కార్బురేటరు పని, కూలితో సహా 6,350. మొదటి పెట్టుబడి 1,100 పోను నిల్వ 3,300.

“ఇదేంటి బాబాయ్! కన్నకొడుకు దగ్గర...”

“అడిగితే ఇవ్వడురా వాడు. అమ్మితే కొంటాడు.”

పేజీ తిప్పాను. అదే సామాను తిరిగి కొనుగోలు, మేస్త్రి లాభం మూడొందలతో కలిపి, 3,300. నిల్వ సున్న. దాని కింద ఎర్ర సిరాతో ఇంకో వరుస: తదుపరి అమ్మకం 2028. ధర 25,000.