డెల్కో బాబాయి

పేటకొక డెల్కో బాబాయి ఉంటాడు. రిటైరై ఉంటాడు, ఇంటి ముందు 1489 సీసీ ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్ ఉంటుంది. ఆదివారం తెల్లారేసరికి దాని బోనెట్ లేచి ఉంటుంది. కారు ఎక్కడికీ వెళ్లదు. వెళ్తే టైమింగ్ చూసేదెవరు?

ఎదురుపడ్డారా, పాఠం తప్పదు. "పిస్టన్ పైకంటా వచ్చాక నిప్పు పెడితే ఏం లాభంరా అబ్బాయ్? పెట్రోలు మండడానికి టైము పట్టదూ? 3000 ఆర్పీఎంలో ఇంజిన్ సెకనుకి 50 చుట్లు కొడుతుంది. అందుకే కాస్త ముందు అంటించాలి. మరీ ముందైతే నాకింగ్. లేటైతే ఇంజిన్ కాగిపోతుంది, పికప్ చస్తుంది." ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. చిక్కల్లా, ఆ 'కాస్త' ఎంతో ఆయన చెవికే తెలియాలి. ఆ లెక్క చూపించే టైమింగ్ లైటు, కొడుకు అమెరికా నుంచి పంపింది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

డెల్కో అంటే స్పార్క్‌ని పంచే డిస్ట్రిబ్యూటర్. దాని కింద బోల్టు వదులు చేస్తాడు. మెడ వాల్చి, ఒక కన్ను మూసి, కచేరీలో ముందు వరస రసికుడిలా తల పంకిస్తూ, డెల్కోని గడియారం ముల్లు తిరిగే వైపు వెంట్రుకవాసి తిప్పుతాడు. అక్కడ ఒక డిగ్రీ కదిలితే ఇంజిన్‌కి రెండు డిగ్రీలు. ఇంజిన్ గొంతు లేస్తుంది. "విన్నావా, పాడుతోంది!" మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకి. ఇడ్లీలు చల్లారే వేళకి, మెకానిక్ కుర్రాడు ఎప్పుడో గీసి వెళ్లిన గీత దగ్గరికే డెల్కో తిరిగొస్తుంది. "ఇప్పుడు కుదిరింది," అంటాడు బాబాయి.

వీధి చివర ఆటో మిస్సింగ్ కొట్టినా, పెళ్లిపందిరి వెనక జనరేటర్ మూలిగినా ఆ చెవికి అందుతాయి. పిన్ని కొత్తిమీర తెమ్మని మూడుసార్లు అరిచింది మాత్రం అందదు.

అసలు జబ్బు డెల్కో మూత కింద ఉంటుంది. స్పార్క్ కొట్టించే పాయింట్ల మడమ క్యామ్‌కి రాసుకుని అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, దాంతో స్పార్క్ లేటవుతుంది. ముందు గ్యాప్‌ని అంగుళంలో వెయ్యో వంతులు 15కి పెట్టి, ఆ తర్వాతే టైమింగ్ ముట్టుకోవాలి. బాబాయి మూత తీయడు. వారం మధ్యలో కుర్రాడే వచ్చి, పాయింట్లు గీకి, ఫీలర్ గేజ్ దూర్చి సరిచేసి పోతాడు. "నేను పెట్టిన టైమింగ్ వాడు కదపలేదు, తెలివైనవాడు," అని బాబాయి పేటంతా చెబుతాడు.

ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అల్లుడి కొత్త కారులో టైమింగ్ పని కంప్యూటరే చూసుకుంటుంది. సంక్రాంతికి బాబాయి దాని బోనెట్ ఎత్తించి, ప్లాస్టిక్ మూతలన్నీ తడిమి చూసి, "తిప్పడానికి ఏమీ లేని ఇంజిన్ ఇంజినా?" అని తేల్చేశాడు.

అంబాసిడర్‌ని హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేయడానికి మిమ్మల్ని పిలుస్తాడు. వెళ్లండి, పిన్ని పెసరట్టు బాగా వేస్తుంది. హ్యాండిల్‌కి బొటనవేలు మాత్రం చుట్టి పట్టుకోకండి. టైమింగ్ మరీ ముందుకు జరిగి ఉంటే అది వెనక్కి తన్ని మణికట్టు విరగ్గొడుతుంది. ఆదివారాల్లో జరిగే ఉంటుంది.